నమ్మలేని మిత్రుడికి ఆయుధ సాయం: ఆపితే ఏమవుతుంది?

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం రేవుకు కాస్త దూరంలో సముద్రం అడుగున పెద్ద పేలుడు జరిగింది. పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ, లోపలున్న తొంభై మందికి పైగా నావికులతో సహా మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి అది కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే దాన్ని ముంచాయని మన నౌకాదళం అంటుంది. లోపల జరిగిన ప్రమాదం వల్లనో, తాను పరిచిన మందుపాతర పేలడం వల్లనో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. 2017లో ‘ఘాజీ’ సినిమా వచ్చాక ఈ కథ తెలుగు ఇళ్లన్నిటికీ చేరింది.

అంతగా ప్రచారంలోకి రాని సంగతి ఒకటుంది. ఆ జలాంతర్గామిని తయారుచేసింది అమెరికా. దాని అసలు పేరు యూఎస్ఎస్ డయాబ్లో. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అమెరికా నౌకాదళంలో చేరింది. 1964లో దాన్ని అమెరికా పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. సోవియట్ యూనియన్‌ను అడ్డుకోవడానికి ఒక మిత్రదేశాన్ని బలపరుస్తున్నామన్నది ఆనాడు చెప్పిన కారణం. మరుసటి ఏడాదే భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం వచ్చింది. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. మరి ఘాజీకి మరమ్మతులు ఎక్కడ? తుర్కియేలో. సూయజ్ కాలువ మూసి ఉండడంతో ఆ జలాంతర్గామి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి అమెరికాకే మరో మిత్రదేశమైన తుర్కియేలోని గోల్‌జుక్ రేవుకు వెళ్లి, బాగుచేయించుకుని, 1970లో కరాచీకి తిరిగొచ్చింది. ఆ మరుసటి ఏడాది చివర్లో మన తీరంలో తేలింది.

ఇచ్చిన ఆయుధం ఎవరి మీదకు తిరుగుతుందో, ఆపేశామన్న సాయం ఏ దారిలో చేరుతుందో ఈ ఒక్క జలాంతర్గామి ప్రయాణం చూపిస్తుంది. నమ్మకం లేని మిత్రుడికి సైనిక సాయం ఆపాలా వద్దా అన్న చర్చ అమెరికాలో డెబ్బై ఏళ్లుగా నడుస్తోంది. ఆ చర్చ ఎక్కువసార్లు పాకిస్తాన్ గురించే. ఫలితం ఎక్కువగా అనుభవించింది మనం, బంగ్లాదేశీయులు, అఫ్గాన్లు. కాబట్టి ఇందులో ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది మనం ఓపిగ్గా తెలుసుకోవాలి.

మొదట సాయం అంటే ఏమిటో చూద్దాం. సైనిక సాయం అనగానే డాలర్ల మూటలు విమానంలో వెళ్తాయని అనుకుంటాం. నిజానికి ఆ పేరు కింద నాలుగైదు వేర్వేరు పద్దులున్నాయి. ఆయుధాలు కొనుక్కోవడానికి ఇచ్చే గ్రాంటు ఒకటి. ఆ డబ్బు చాలావరకు అమెరికా ఖజానాలోంచి బయల్దేరి అమెరికా ఆయుధ కంపెనీలకే చేరుతుంది, మిత్రదేశానికి దక్కేది వస్తువు. రెండోది అమ్మకం. కొనేవాడు తన సొంత డబ్బు పెట్టినా అమెరికా ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. మూడోది అధికారులకు అమెరికా సైనిక విద్యాలయాల్లో శిక్షణ. నాలుగోది, 2001 తర్వాత వచ్చిన ‘కోలిషన్ సపోర్ట్ ఫండ్స్’ అనే పద్దు. మా యుద్ధానికి మీరు పెట్టిన ఖర్చు మేం తిరిగి ఇస్తాం అన్నది దాని సూత్రం. వీటన్నిటికంటే గట్టి పట్టు విడిభాగాలది. ఎఫ్-16 లాంటి యుద్ధ విమానం కొన్న దేశం, అది ఎగిరినన్నాళ్లూ ఇంజిన్ ముక్కకూ రాడార్ సాఫ్ట్‌వేర్‌కూ అమ్మినవాడి గుమ్మం తొక్కుతూనే ఉండాలి.

ఈ తేడా తెలియకపోతే వార్తలు తప్పుగా అర్థమవుతాయి. 2022 సెప్టెంబరులో బైడెన్ ప్రభుత్వం పాకిస్తాన్ ఎఫ్-16ల నిర్వహణకు 45 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు, అమెరికా మళ్లీ పాకిస్తాన్‌కు డబ్బిస్తోందని మన దగ్గర చాలామంది అనుకున్నారు. అది అమ్మకం, విడిభాగాలకూ సేవలకూ సంబంధించినది. అలాగని మన అభ్యంతరం తప్పు కాదు. ఉగ్రవాదం మీద పోరుకు ఎఫ్-16లు అని చెబితే ఎవరూ నమ్మరని విదేశాంగ మంత్రి జైశంకర్ అమెరికా గడ్డ మీదే అన్నారు. ఆ మాట సరైనదే. 2025లో ట్రంప్ విదేశీ సాయాన్ని మొత్తంగా స్తంభింపజేసినప్పుడు 39.7 కోట్ల డాలర్ల ఒక పద్దుకు మినహాయింపు దొరికింది. పాకిస్తాన్ ఎఫ్-16లను ఎక్కడ, ఎలా వాడుతోందో కనిపెట్టి ఉండే కార్యక్రమం అది. ఇచ్చిన ఆయుధానికి కాపలా కాయడానికి మళ్లీ ఇంత ఖర్చు.

ఈ స్నేహం పుట్టుకలోనే ఒక లోపముంది. 1954 మేలో అమెరికా, పాకిస్తాన్ పరస్పర రక్షణ సాయం ఒప్పందం కుదుర్చుకున్నాయి. అమెరికా కళ్లముందున్న శత్రువు మాస్కో. పాకిస్తాన్ సైన్యం కళ్లముందున్న శత్రువు ఢిల్లీ. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. పెషావర్ దగ్గర స్థావరం దొరికింది కాబట్టి అమెరికా చూడనట్టు ఊరుకుంది. 1960 మే 1న సోవియట్లు కూల్చిన యూ-2 గూఢచారి విమానం ఎగిరింది పెషావర్ నుంచే. పాటన్ ట్యాంకులు, సేబర్ విమానాలు వచ్చాయి కాబట్టి పాకిస్తాన్ కమ్యూనిజం వ్యతిరేక ప్రసంగాలు చేసింది. ఒప్పందానికి ముందు ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం రాసి, ఈ ఆయుధాలను దురాక్రమణకు వాడితే తగిన చర్య తీసుకుంటామని హామీ ఇచ్చారు. మూడేళ్లు తిరగకుండానే, 1957 జనవరిలో, తన జాతీయ భద్రతా మండలి సమావేశంలో ఆయనే ఇదొక ఘోరమైన పొరపాటని, అయితే ఇప్పుడు బయటపడే దారి కనిపించడం లేదని అన్నారు. తర్వాత వచ్చిన అధ్యక్షులు చాలామంది ఏదో ఒక దశలో అదే చోట నిలబడ్డారు.

1965లో ఆ పాటన్ ట్యాంకులు పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ వైపు దూసుకొచ్చాయి. అసల్ ఉత్తర్ దగ్గర చెరకు తోటల్లో, నీళ్లు పెట్టిన పొలాల్లో కూరుకుపోయి మన సైన్యం చేతిలో ధ్వంసమయ్యాయి. అమెరికా ఆయుధాలు ఆపింది. అమెరికా మీదే ఎక్కువగా ఆధారపడిన పాకిస్తాన్‌కు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, కానీ మారింది దాని ప్రవర్తన కాదు, దుకాణం. చైనా ట్యాంకులు, చైనా విమానాలు రావడం ఆ తర్వాతే ఊపందుకుంది.

1971 నాటి సంగతి వేరు, దాని దగ్గర కాస్త ఆగాలి. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో సొంత పౌరుల మీద విరుచుకుపడినప్పుడు వీధుల్లో తిరిగిన ఎం-24 ట్యాంకులు అమెరికా ఇచ్చినవి. బలగాలను మోసిన సి-130 రవాణా విమానాలూ అమెరికావే. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కు తంతి పంపారు. తమ ప్రభుత్వం ప్రజాస్వామ్యం అణచివేతను ఖండించలేదు, దారుణాలను ఖండించలేదు అని అక్కడి అమెరికా ఉద్యోగులు ఇరవై మంది సంతకాలు చేసిన తంతి అది. నిక్సన్, కిసింజర్‌లకు కోపం వచ్చింది, బ్లడ్‌ను ఆ పదవి నుంచి తప్పించారు. అప్పటికి చైనాతో రహస్య సంబంధాలు నడపడానికి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ వాళ్లకు వారధిగా ఉన్నాడు. బయటికి మాత్రం కొత్త ఆయుధ లైసెన్సులు ఇవ్వడం లేదని చెప్పారు. పాత లైసెన్సుల కింద సైనిక సరుకు ఎక్కించుకుని ‘సుందర్బన్స్’ అనే పాకిస్తాన్ ఓడ న్యూయార్క్ రేవు నుంచి బయల్దేరిందని, ‘పద్మా’ అనే మరో ఓడ బయల్దేరబోతోందని జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తూర్పు బెంగాల్ నదుల పేర్లు, అడవుల పేర్లు పెట్టుకున్న ఓడలు ఆ నేల మీద మారణకాండ జరుపుతున్న సైన్యానికి సరుకు మోశాయి. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు.

సాయం ఆపడం గురించి మాట్లాడేవాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తుంటారు. ఆపితే అతని తీరు మారుతుందా అన్నది ఒకటి. ఇస్తే అతను చేసే పనిలో మన చెయ్యి ఉంటుందా అన్నది రెండోది. మొదటిదానికి లెక్కలు వేయాలి, చరిత్ర చూడాలి, ఫలితం ఎప్పుడూ అనుమానమే. రెండోదానికి అంత లెక్క అక్కర్లేదు. 1971లో అమెరికా విడిభాగాలతో సహా అన్నీ ఆపి ఉంటే యాహ్యా ఖాన్ ఆగేవాడా అంటే, బహుశా ఆగేవాడు కాదు. అయినా ఆపి తీరాల్సిందే. మారణహోమం జరుగుతున్నప్పుడు ఆయుధాల సరఫరా ఆపడానికి ఫలితం గ్యారంటీ అడగకూడదు. నా దృష్టిలో ఈ విషయంలో బేరానికి తావు లేదు.

మొదటి ప్రశ్న అంత తేలిక కాదు. దానికి జవాబు వెతకాలంటే 1979 నుంచి 1990 వరకు జరిగింది చూడాలి.

1979 ఏప్రిల్‌లో, కహూటాలో పాకిస్తాన్ యురేనియం శుద్ధి చేస్తోందని తెలిసి కార్టర్ ప్రభుత్వం చట్టం ప్రకారం సాయం ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగింది. కొన్ని వారాల్లోనే కార్టర్ 40 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. పాకిస్తాన్ పాలకుడు జనరల్ జియా వేరుశెనగ పలుకులంటూ తోసిపుచ్చాడు. వేరుశెనగ రైతైన అధ్యక్షుడికి అది సూటిగా తగిలే మాట. ఆగితే ధర పెరుగుతుందని జియాకు తెలుసు. 1981లో రేగన్ ఆరేళ్లకు 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చారు, 40 ఎఫ్-16లు అమ్మడానికి ఒప్పుకున్నారు. అణు కార్యక్రమం మాత్రం ఆగలేదు.

1985లో ప్రెస్లర్ సవరణ వచ్చింది. పాకిస్తాన్ దగ్గర అణ్వస్త్రం లేదని అధ్యక్షుడు ఏటా కాంగ్రెస్‌కు ధ్రువీకరించాలి, అలాగైతేనే సాయం. రేగన్ ధ్రువీకరించారు, 1989లో సీనియర్ బుష్ కూడా ధ్రువీకరించారు. అదే 1989 ఫిబ్రవరిలో చివరి సోవియట్ సైనికుడు అఫ్గానిస్తాన్ వదిలి వెళ్లాడు. 1990 అక్టోబరులో బుష్ ఇక ధ్రువీకరించలేనన్నారు. పాకిస్తాన్ బాంబు గురించి అమెరికా నిఘా సంస్థలకు ఏళ్ల తరబడి తెలిసిందే. 1990లో కొత్తగా మారింది అమెరికా అవసరం. పాకిస్తాన్‌లో ఏ వర్గాన్ని అడిగినా ఈ ఘట్టం గురించి మన సామెతే వాళ్ల భాషలో చెబుతారు: ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. వాళ్ల ఈ ఫిర్యాదులో నిజముంది, భారతీయులమైనంత మాత్రాన దాన్ని కాదనక్కర్లేదు.

ఆ కోత ఎలా అమలైందో దగ్గరగా చూస్తే చాలా తెలుస్తుంది. పాకిస్తాన్ అప్పటికి మరో 71 ఎఫ్-16లకు ఆర్డరిచ్చి ఉంది. వాటిలో 28 తయారయ్యాయి. పాకిస్తాన్ దాదాపు 65.8 కోట్ల డాలర్లు కట్టింది. చట్టం అడ్డొచ్చింది కాబట్టి విమానాలు ఇవ్వరు, డబ్బు కంపెనీకి చేరిపోయింది కాబట్టి తిరిగివ్వరు. ఆ 28 కొత్త విమానాలను అరిజోనా ఎడారిలో డేవిస్-మాంథన్ స్థావరంలో, పాత విమానాలు నిలవ ఉంచే చోట, వరసగా నిలబెట్టారు. ఏళ్లు గడిచాయి. 1998 డిసెంబరులో క్లింటన్ సుమారు 32 కోట్ల డాలర్లు నగదుగా, మరికొంత గోధుమల వంటి సరుకుల రూపంలో ఇచ్చి గొడవ తీర్చుకున్నారు. ఆ విమానాలను న్యూజిలాండ్ అద్దెకు తీసుకోబోయి 2000లో మానుకుంది. తర్వాత వాటిలో కొన్నింటిని అమెరికా నౌకాదళం తన పైలట్ల శిక్షణలో శత్రు విమానాల పాత్రకు వాడుకుంది. 2001 తర్వాత కొన్ని చివరికి పాకిస్తాన్‌కే వెళ్లాయి. డబ్బు తీసుకుని సరుకు ఇవ్వకపోవడం అణు కార్యక్రమాన్ని ఒక్క రోజు కూడా వెనక్కి నెట్టలేదు. అమెరికా మాటకు విలువ లేదని చెప్పడానికి పాకిస్తాన్ జనరళ్లకు ఒక తరానికి సరిపడా ఉదాహరణ మాత్రం దొరికింది.

ఆ పదేళ్లలో పాకిస్తాన్ అధికారుల శిక్షణా ఆగిపోయింది. అమెరికాను ఎరగని తరం తయారైందని అమెరికా సైనికాధికారులు తర్వాత బాధపడ్డారు. ఈ వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. జనరల్ కయానీ అమెరికాలోని ఫోర్ట్ లీవెన్‌వర్త్‌లో చదివినవాడే. ఆయన సైన్యాధ్యక్షుడిగా ఉండగానే ఒసామా బిన్ లాడెన్ అబోటాబాద్‌లో, సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో దొరికాడు. చదువు వల్ల పరిచయాలు వస్తాయి. దేశం వ్యూహం దానివల్ల మారదు.

సాయం లేని ఆ దశాబ్దంలో పాకిస్తాన్ ఏం చేసింది? తాలిబన్లను పెంచింది, వారి ప్రభుత్వాన్ని గుర్తించింది, 1998 మేలో చాగాయ్‌లో అణు పరీక్షలు చేసింది, 1999లో కార్గిల్ ఎక్కింది. సాయం ఆపడం వల్లే ఇవన్నీ జరిగాయనడం అన్యాయం. పోఖ్రాన్‌లో మనం పరీక్షలు జరిపిన తర్వాతే వాళ్లు జరిపారన్నదీ గుర్తుంచుకోవాలి. అయితే మొత్తం ఆపేయండి, దారికొస్తారు అని మనలో చాలామంది నమ్మే మందును అమెరికా ఒకసారి పూర్తి మోతాదులో వాడి చూసింది. రోగం తగ్గలేదు.

ఇక 2001 తర్వాతి కథ. సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆంక్షలన్నీ కొద్ది వారాల్లో ఎగిరిపోయాయి. 2004లో పాకిస్తాన్‌కు నాటోయేతర ముఖ్య మిత్రదేశం హోదా వచ్చింది. పదిహేనేళ్లలో సైనిక, పౌర పద్దులన్నీ కలిపి సుమారు 3,300 కోట్ల డాలర్లు అందాయి. అందులో ఖర్చుల తిరుగు చెల్లింపు పద్దే 1,400 కోట్లు దాటింది. పాకిస్తాన్ బిల్లులు పెట్టేది, అమెరికా చెల్లించేది. ఆ బిల్లులను 2008లో అమెరికా కాంగ్రెస్ తరఫున ఖర్చుల లెక్క చూసే జీఏఓ సంస్థ పరిశీలించింది. గగనతల రక్షణ రాడార్ల పేరిట 20 కోట్ల డాలర్లకు పైగా చెల్లించినట్టు తేలింది. అల్‌ఖైదాకు గానీ తాలిబన్లకు గానీ విమానాలు లేవు. మరి ఆ రాడార్లు ఏ దిక్కుకు చూస్తున్నాయి? బంకర్లకు 1.5 కోట్లు, రోడ్లకు 3 కోట్లు చెల్లించారు. అవి కట్టారనడానికి రుజువు దొరకలేదు.

ఇంత తెలిసీ అమెరికా ఎందుకు ఆపలేదు? దీనికి జవాబు ఒక రోడ్డు. అఫ్గానిస్తాన్‌కు సముద్రం లేదు. అక్కడున్న లక్షమంది అమెరికా సైనికుల తిండి, ఇంధనం, వాహనాలు కరాచీ రేవులో దిగి, లారీల మీద ఒక దారిలో తోర్ఖమ్ మీదుగా ఖైబర్ కనుమ దాటి, మరో దారిలో చమన్ మీదుగా కాందహార్ వైపు వెళ్లాల్సి వచ్చేది. 2011లో ఆ రోడ్డు విలువ బయటపడింది. మేలో బిన్ లాడెన్ హతమయ్యాడు. జులైలో అమెరికా 80 కోట్ల డాలర్ల సైనిక సాయం నిలిపింది. సెప్టెంబరులో అమెరికా సైనిక దళాల ఉమ్మడి అధిపతి అడ్మిరల్ మల్లెన్, కాబూల్‌లో అమెరికన్లను చంపుతున్న హక్కానీ ముఠా పాకిస్తాన్ ఐఎస్ఐకి ఒక అంగంలా పనిచేస్తోందని సెనేట్ కమిటీ ముందు చెప్పారు. నవంబరు 26న సరిహద్దులోని సలాలా దగ్గర నాటో దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు చనిపోయారు. పాకిస్తాన్ రోడ్డు మూసేసింది.

ఏడు నెలలు ఆ రోడ్డు తెరుచుకోలేదు. కరాచీలో కంటైనర్లు పేరుకుపోయాయి. అమెరికా సరుకును మధ్య ఆసియా మీదుగా తిప్పి తెచ్చుకుంది. దానివల్ల నెలకు పది కోట్ల డాలర్లు అదనంగా ఖర్చవుతోందని అప్పటి రక్షణ మంత్రి పనెట్టా చెప్పారు. లారీకి 250 డాలర్లున్న రుసుమును 5,000 చేయమని పాకిస్తాన్ అడిగింది. చివరికి 2012 జులైలో హిల్లరీ క్లింటన్ సైనికుల మరణాలకు ‘సారీ’ చెప్పారు, రోడ్డు తెరుచుకుంది. ఆపి ఉంచిన వంద కోట్ల డాలర్ల పైచిలుకు బిల్లులు చెల్లయ్యాయి. సాయం ఆపిన పెద్ద దేశం, రోడ్డు ఆపిన చిన్న దేశం ఎదురెదురుగా నిలబడితే ముందు దిగివచ్చింది ఎవరో ప్రపంచమంతా చూసింది. అదే ఏడాది, బిన్ లాడెన్ ఆచూకీ వేటలో సాయపడ్డ డాక్టర్ షకీల్ అఫ్రిదీకి పాకిస్తాన్ 33 ఏళ్ల జైలు శిక్ష వేస్తే, అమెరికా సెనేట్ కమిటీ ఏడాదికి పది లక్షల చొప్పున 3.3 కోట్ల డాలర్లు కోసింది. కోపం తీరి ఉండొచ్చు. అఫ్రిదీ మాత్రం బయటికి రాలేదు.

షరతులు పెట్టలేదా అంటే, పెట్టారు. 2009 నాటి కెర్రీ-లుగార్ చట్టంలో, ఏటా చేసే కేటాయింపుల చట్టాల్లో షరతులు నిండా ఉన్నాయి. వాటి పక్కనే ఒక మినహాయింపు వాక్యం కూడా ఉంటుంది. జాతీయ భద్రత దృష్ట్యా అవసరమనిపిస్తే షరతును పక్కన పెట్టవచ్చు అని. ఒబామా ప్రభుత్వం దాన్ని వాడుకుంది. ప్రతి షరతుకూ తప్పించుకునే తలుపు ఉందని సాయం పుచ్చుకునేవాడికి మొదటి రోజే తెలిస్తే, ఆ షరతును ఎవరు లెక్కచేస్తారు?

2018 జనవరిలో ట్రంప్, అబద్ధాలు, మోసం తప్ప పాకిస్తాన్ ఇచ్చిందేమీ లేదని ట్వీట్ చేసి భద్రతా సాయం నిలిపేశారు. సెప్టెంబరులో మరో 30 కోట్ల డాలర్ల చెల్లింపు రద్దయింది. మన దగ్గర ఆ వార్తకు మంచి ఆదరణ దొరికింది. కానీ కొద్ది నెలల్లోనే అమెరికా తాలిబన్లతో చర్చలకు సిద్ధమైంది. చర్చలకు కావలసిన తాలిబన్ నాయకుడు ముల్లా బరాదర్ పాకిస్తాన్ జైల్లో ఉన్నాడు. అక్టోబరులో వదిలారు. 2020 ఫిబ్రవరిలో దోహా ఒప్పందం, 2021 ఆగస్టు 15న కాబూల్ పతనం. డబ్బు ఆగినా పాకిస్తాన్ సైన్యం తన అఫ్గాన్ విధానాన్ని మార్చుకోలేదు, తను కోరుకున్నది దక్కేదాకా ఓపిక పట్టింది.

అయితే ఏ ఒత్తిడికీ పాకిస్తాన్ కదలదా? కదిలింది, అదే సంవత్సరాల్లో. 2018 జూన్‌లో ఎఫ్ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ ఉగ్రవాదులకు అందే డబ్బును అరికట్టడం లేదంటూ పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో పెట్టింది. సైన్యాలతో ఈ సంస్థకు సంబంధం లేదు. దాని జాబితాలోకెక్కిన దేశంతో లావాదేవీలంటే ప్రపంచ బ్యాంకులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాయి. అది పాకిస్తాన్ చేతిలో పెట్టింది అంశాల పట్టిక. రెండు విడతల్లో 34 అంశాలు. ఏది చేశారు, ఏది చేయలేదు అని ఏటా కొన్నిసార్లు సమీక్ష. తప్పించుకోవడానికి ఒక్క దేశాధ్యక్షుడి సంతకం చాలదు, అన్నీ పూర్తి చేస్తే బయటపడే దారి మాత్రం స్పష్టంగా ఉంది. దశాబ్దాలుగా బహిరంగ సభల్లో మాట్లాడుతూ తిరిగిన లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్‌ను 2019లో అరెస్టు చేసి, 2020లో శిక్ష వేసింది ఆ ఒత్తిడిలోనే. చనిపోయాడని ప్రచారమైన సాజిద్ మీర్, ముంబై దాడుల సూత్రధారుల్లో ఒకడు, 2022లో బతికే ఉన్నట్టు తేలి శిక్ష పడిందీ ఆ ఒత్తిడిలోనే. అదే ఏడాది అక్టోబరులో పాకిస్తాన్ జాబితా నుంచి బయటపడింది. పైన కత్తి తొలగాక పట్టు సడలింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ఉగ్రదాడి ఎలా జరిగిందో మనకు తెలుసు. అయినా వేల కోట్ల డాలర్ల ఆయుధ సాయం ఇచ్చీ ఆపీ సాధించలేని అరెస్టులను ఒక పట్టిక సాధించిందన్నది వాస్తవం.

వీటన్నిటినీ చూశాక నేను వచ్చిన నిర్ణయం ఇది. పొరుగుదేశం మీద తప్ప మరో చోట పెద్దగా పనికిరాని ఆయుధాలు, అంటే యుద్ధ విమానాలు, వాటి క్షిపణులు, ట్యాంకులు, నమ్మలేని మిత్రుడికి ఇవ్వకూడదు. ఇస్తూ ఉంటే ఆపాలి, ఆపాక మళ్లీ అవసరం వచ్చిందని మొదలుపెట్టకూడదు. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి జరిగిన రెండు రోజులకు మన వాయుసేన చూపించిన అమెరికా ఆమ్రామ్ క్షిపణి ముక్క ఆ ఆయుధాల దిశ ఎటో చెప్పింది. ఉమ్మడి పనికి డబ్బివ్వాల్సి వస్తే పని చూసి, బిల్లు చూసి ఇవ్వాలి. శిక్షణ, చదువు, వరదలకూ భూకంపాలకూ చేసే సాయం మాత్రం ఆపకూడదు. 2005 కశ్మీర్ భూకంపంలో కొండల మీదకు తిండి, గుడారాలు మోసుకెళ్లిన అమెరికా చినూక్ హెలికాప్టర్లు అక్కడి సామాన్యుల దగ్గర సంపాదించిన మంచిపేరు ఎఫ్-16లు ఎన్నడూ సంపాదించలేదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది తన అవసరాన్ని తగ్గించుకోవడం. అవతలివాడి రోడ్డు మీద బతుకుతూ అతని సాయం ఆపుతామని బెదిరిస్తే ఆ బెదిరింపుకు ఏడు నెలల కంటే ఆయుష్షు ఉండదు. సోవియట్ల మీద నిఘాకు పెషావర్, చైనాతో మాటలకు యాహ్యా ఖాన్, ముజాహిదీన్‌కు తుపాకులు చేర్చడానికి జియా, కాందహార్‌కు సరుకు చేర్చడానికి జనరళ్లు ముషారఫ్, కయానీ. ప్రతిసారీ అవసరం అమెరికాది, ధర చెప్పింది రావల్పిండిలోని సైన్యం.

ఇప్పుడు అమెరికా సాయం అనే కొళాయికి పాత శక్తి కూడా లేదు. స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2020 నుంచి 2024 వరకు పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ ముందుకు తెచ్చినవి చైనా జె-10సి విమానాలు. పంజాబ్‌లోని హోషియార్‌పూర్ పొలాల్లో దొరికిన శకలాలు చైనా పీఎల్-15 క్షిపణివి. ఆ తర్వాత నెల రోజులు దాటగానే, జూన్ 18న, పాకిస్తాన్ సైన్యాధిపతి అసిమ్ మునీర్‌కు ట్రంప్ శ్వేతసౌధంలో విందు ఇచ్చారు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. పాకిస్తాన్‌కు అమెరికా సాయం ఆగిందనో, మళ్లీ మొదలైందనో ఈసారి వార్త చదివినప్పుడు సంతోషానికీ కోపానికీ ముందు మూడు సంగతులు వెతకండి. అది గ్రాంటా, అమ్మకమా, విడిభాగాలా, శిక్షణా? షరతు పక్కన మినహాయింపు వాక్యం ఉందా? ఆ నెలలో అమెరికాకు పాకిస్తాన్‌తో పడిన అవసరం ఏమిటి? మూడోదానికి జవాబు దొరికితే ఆ నిర్ణయం ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే చెప్పగలరు.